మిస్టరీ షార్ట్ ఫిల్మ్ కోసం పాత్రలు, కాస్ట్యూమ్స్ వర్క్‌షాప్: నాలుగు వారాలు చేశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, స్టూడెంట్ టీమ్‌తో మిస్టరీ సినిమా తీయబోతున్నవాళ్ళు ఈ ఆన్‌లైన్ వర్క్‌షాప్‌లో నిశ్చింతగా చేరొచ్చు. నాలుగు వారాలు, వారానికి రెండు క్లాసులు, ఒక్కో క్లాసు గంటన్నర, దాంతోపాటు ఇంటికి ఒక కిట్ బాక్సు పంపిస్తారు. క్లాసులకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, కిట్‌కి మూడు. ఎందుకంత తేడా అనేది కింద రాశాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఎందుకంటే చేరేముందు నేను వెతికితే "చాలా బాగుంది, థాంక్యూ" అన్న మాటలు తప్ప పనికొచ్చే వివరం ఒక్కటీ దొరకలేదు.

మా సినిమా 14 నిమిషాలు. కాలేజీ లైబ్రరీలో ఒక పాత చేతిరాత ప్రతి మాయమవుతుంది, మర్నాడు ప్రిన్సిపాల్ టేబుల్ మీద ఒక ఆకాశరామన్న ఉత్తరం ఉంటుంది, అనుమానితులు ఐదుగురు. డైరెక్షన్ నా క్లాస్‌మేట్ చేసింది, కాస్ట్యూమ్స్ నేను చూసుకున్నాను. చేరేనాటికి మా దగ్గర స్క్రిప్టు ఉంది, ఐదుగురికీ నలభై ప్రశ్నల చొప్పున నింపిన క్యారెక్టర్ షీట్లు ఉన్నాయి, దొంగ దొరకడానికి ఒక క్లూ ఉంది. ఆ క్లూ ఏంటంటే బీరువా దగ్గర తెగిపడిన చొక్కా గుండీ. అప్పుడు అది మాకు గొప్ప ఐడియాలాగే అనిపించింది.

మొదటి క్లాసులోనే మెంటర్ మేడమ్ మా షీట్లు చూసి, వీటిలో కెమెరాకి కనిపించేవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమన్నారు. ఇష్టమైన రంగు, భయాలు, చిన్ననాటి జ్ఞాపకం, ఇలా నలభైకి నలభై నింపాం కానీ తెర మీదకి వచ్చేవి నాలుగో ఐదో తేలాయి. అప్పుడు ఆవిడ ఆ నలభై పక్కన పెట్టించి ఒక్క ప్రశ్న ఇచ్చారు: ఈ మనిషి ఒంటిమీద ఉన్న చొక్కా ఎవరు కొన్నారు?

చాలా మామూలు ప్రశ్న, కానీ దానికి జవాబు రాయడం మొదలుపెట్టాక పాత్ర తనంతట తాను కదలడం మొదలైంది. తనే కొనుక్కున్నాడా, ఎవరైనా ఇచ్చారా, ఇచ్చినవాళ్ళంటే ఇష్టమా, మొహమాటానికి వేసుకుంటున్నాడా, పొద్దున ఏ వెలుతురులో చూసుకుని వేసుకున్నాడు, ఎవరో వస్తారని ముందే తెలిస్తే ఇదే వేసుకునేవాడా? మా లైబ్రరీ అసిస్టెంట్ పాత్ర అప్పటిదాకా "నెమ్మదస్తుడు, 22 ఏళ్ళు" అనే రెండు మాటల్లో ఉండేవాడు. చొక్కా ఎవరిదని అడిగితే మా డైరెక్టర్ ఆలోచించకుండా "వాళ్ళన్నయ్యది" అంది. అన్నయ్యదైతే సైజు పెద్దది. సైజు పెద్దదైతే చేతులు పొడుగు, కఫ్ అరచేతి మీదకి జారుతుంది. పైగా ఆ పాత్ర వేసే అబ్బాయిది నిజంగానే ఎడమచేతి వాటం. ఎడమచేత్తో రాసేవాళ్ళ చెయ్యి అప్పుడే రాసిన అక్షరాల మీదుగా జరుగుతూ వెళ్తుంది కదా, ఇంకు పెన్నైతే ఆ తడి ఇంకు అంతా చేతి అంచుకి, జారిన కఫ్‌కి అంటుకుంటుంది, కాగితం మీద అక్షరాలు కుడివైపుకి అలుక్కుపోతాయి.

అంతే, గుండీ తీసేశాం. ఉత్తరంలో అక్షరాలన్నీ కుడివైపుకి అలుక్కుని ఉంటాయి, అసిస్టెంట్ ఎడమ కఫ్ అంచున మొదటి సీన్ నుంచీ రూపాయి బిళ్ళంత నీలం మరక ఉంటుంది, పుస్తకం అందిస్తున్నప్పుడు, తలుపు తాళం తీస్తున్నప్పుడు అది కనిపిస్తూనే ఉంటుంది. ఎవరూ దాని గురించి మాట్లాడరు. ఈ క్లూని మేము దుస్తులకి అతికించలేదు, ఆ మనిషి గురించి అడుగుతూ పోతే చొక్కాలోంచి అదే వచ్చింది. వర్క్‌షాప్ మొత్తంలో నాకు దక్కిన అసలు విషయం ఇదే, మిగతా ఏడు క్లాసులు ఎలా ఉన్నా ఈ ఒక్కదానికి చేరినా నష్టం లేదు.

రెండో క్లాసు ఐదుగురినీ ప్రేక్షకుడు గుర్తుపట్టడం గురించి. మామూలు కథలో ఒకరిద్దరు కలగాపులగం అయినా ఎలాగోలా నడిచిపోతుంది, మిస్టరీలో మాత్రం "ఆ బీరువా దగ్గర నిలబడింది ఇతనా, అతనా" అని తికమకపడితే సినిమా అక్కడితో అయిపోయినట్టే. ఐదుగురినీ వరసగా నిలబెట్టి ఫొటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి, వేలిగోరంత సైజుకి తగ్గించి చూడమన్నారు. మావాళ్ళలో ముగ్గురు ఒకే ముద్దలా కనిపించారు! రంగులు వేరే అయినా ఆకారం ఒకటే, ముగ్గురివీ నడుం దాటిన వదులు చొక్కాలు, ముదురు ప్యాంట్లు. ఒకరికి భుజాలు నిలబడే కోటు, ఒకరికి మోకాళ్ళ దాకా శాలువా, ఒకరికి చొక్కా లోపలికి దోపి బెల్టు, ఇంతే మార్చాం, రంగుల జోలికి వెళ్ళనేలేదు. పేర్ల సంగతీ ఇక్కడే వచ్చింది. రవి, రఘు, రమ అని పెట్టుకుంటే చూసేవాళ్ళు పాపం ఎవరిని పట్టుకుంటారు, వేరే వేరే అక్షరాలతో మొదలయ్యేలా మార్చండి అన్నారు, మార్చాం.

మూడో క్లాసులో డిటెక్టివ్ గెటప్ గురించి చర్చ జరిగింది, అది నాకు బాగా నచ్చింది. మా బ్యాచ్‌లో ఒక టీమ్ తమ డిటెక్టివ్‌కి పొడుగు కోటు, ముందూ వెనకా అంచులున్న టోపీ, పైపు ఇచ్చింది. మెంటర్ ఆ టోపీ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పారు. షెర్లాక్ హోమ్స్ కథల్లో కోనన్ డాయిల్ ఆ టోపీని దాని పేరుతో ఎక్కడా రాయలేదట, ఒక కథలో చెవుల మీదకి దిగే ప్రయాణపు టోపీ అని మాత్రం ఉంటుంది. దాన్ని అందరి మనసులో నాటినది 1891లో ఆ కథలకి బొమ్మలు వేసిన సిడ్నీ పాజెట్. ఆయన కూడా హోమ్స్ ఊరి బయటికి, పల్లెటూళ్ళకి వెళ్ళే సందర్భాల్లోనే ఆ టోపీ పెట్టాడు, లండన్‌లో తిరిగేటప్పుడు వేరే టోపీ. అంటే బొమ్మలు గీసిన మనిషి కూడా "ఈయన ఇప్పుడు ఎక్కడికి వెళ్తున్నాడు" అని ఆలోచించే టోపీ పెట్టాడన్నమాట. తర్వాత వచ్చినవాళ్ళు ఆ ఆలోచన వదిలేసి టోపీని మాత్రం పట్టుకున్నారు. ఆ టీమ్ తర్వాతి వారానికి తమ డిటెక్టివ్‌ని కాలేజీ బ్యాడ్మింటన్ ప్లేయర్‌గా మార్చింది, ప్రాక్టీస్ నుంచి నేరుగా వచ్చినట్టు ట్రాక్ ప్యాంట్, మెడలో టవల్. ఆ అమ్మాయి ప్రశ్నలు అడుగుతూ టవల్‌తో చేతులు తుడుచుకుంటుంటే పైపు కంటే వంద రెట్లు నమ్మేలా ఉంది.

అదే క్లాసులో మోసం గురించి కూడా మాట్లాడారు. ప్రేక్షకుడిని పక్కదారి పట్టించొచ్చు, కానీ దాచిపెట్టి గెలవకూడదు. రొనాల్డ్ నాక్స్ అనే రచయిత 1929లో డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాశాడు, వాటిలో ఒకటి డిటెక్టివ్‌కి దొరికిన క్లూ వెంటనే పాఠకుడికీ చూపించాలని, ఇంకొకటి ముందుగా సిద్ధం చేయకుండా కవలల్ని, ఒకేలా ఉండేవాళ్ళని కథలోకి తేకూడదని. కాస్ట్యూమ్స్ చేసేవాళ్ళకి ఈ రెండూ నేరుగా తగులుతాయి. మారువేషం ఉంటే ఆ విగ్గో కోటో ముందెక్కడో కొక్కేనికి వేలాడుతూ ఒకసారైనా కనిపించి తీరాలి. మా మరక ఫ్రేమ్‌లో కనీసం మూడుసార్లు స్పష్టంగా ఉండాలని ఆరోజే రాసిపెట్టుకున్నాం.

ఇక రెండో వారంలో మిగిలిన క్లాసంతా కెమెరా ముందు బట్టల ప్రవర్తన. ఇక్కడ సమాచారం చాలా గట్టిది, ఊరికే చెప్పడం కాదు, ఎవరి ఫోన్‌తో వాళ్ళు టెస్ట్ షాట్లు తీసి చూపించాలి. సన్నటి గీతలు, చిన్న చిన్న గళ్ళు ఉన్న చొక్కాలు వద్దంటారు కదా, ఎందుకో నాకు అప్పటిదాకా సరిగ్గా తెలియదు. ఆ గీతల వరసలు కెమెరా లోపల బొమ్మని పట్టే సెన్సర్ మీద ఉండే పిక్సెళ్ళ వరసలతో కలిసీ కలవకుండా ఉండటం వల్ల బట్ట మీద లేని అలలు పుట్టి, మనిషి కదిలినప్పుడల్లా పాకుతాయి. మా ప్రొఫెసర్ పాత్రకి అనుకున్న బూడిదరంగు గళ్ళ చొక్కా సరిగ్గా ఇదే చేసింది, కంటికి చూస్తే ఏమీ లేదు, వీడియోలో మాత్రం నీళ్ళలా కదులుతోంది. ఎడిటింగ్‌లో చూసుకుంటే ఏడవాల్సి వచ్చేది.

తెల్ల చొక్కా ముఖం కంటే ముందు వెలిగిపోతుంది కాబట్టి పల్చటి టీ డికాషన్‌లో కాసేపు ముంచి ఆరేస్తే తెల్లదనం కొంచెం చచ్చి, కెమెరాకి ఇంకా తెలుపులాగే కనిపిస్తుంది. కాటన్‌కి ఇది బాగా పడుతుంది, పాలిస్టర్‌కి దాదాపు పట్టదు. నలుపు అయితే ఇంకో సమస్య, మడతలేవీ కనిపించకుండా నల్లటి గుంటలా అయిపోతుంది, రాత్రి సీన్లో వెనక చీకట్లో కలిసిపోయి తల ఒక్కటే తేలుతున్నట్టుంటుంది, దాని బదులు ముదురు నీలమో ముదురు గోధుమో వాడమన్నారు. కొన్ని సింథటిక్ నల్ల బట్టలు డిజిటల్ కెమెరాలో వంగపండు రంగు తిరుగుతాయని కూడా అక్కడే చూశాను, పక్కపక్కన రెండు నల్ల కోట్లు పెడితే ఒకటి నలుపు, ఇంకోటి ఎరుపు కలిసిన నలుపు. పసుపు సోడియం లైట్ల కింద ఎర్ర స్కార్ఫ్ ఎర్రగా కనిపించదు, మట్టిరంగులోకి దిగిపోతుంది, కాబట్టి "ఎర్ర స్కార్ఫ్" అనేది మీ క్లూ అయితే ఆ లైటు కింద సీన్ పెట్టకండి. ఫోన్‌తో తీసేవాళ్ళు వైట్ బ్యాలెన్స్ (లైటుని బట్టి రంగులు సర్దే సెట్టింగ్) లాక్ చేయకపోతే ఒకే చొక్కా షాట్‌కో రంగులో ఉంటుంది.

సౌండ్ గురించి పావుగంటే చెప్పారు కానీ ఆ పావుగంట విలువైనదే. నైలాన్ రెయిన్‌కోటు కింద కాలర్ మైకు పెడితే డైలాగు బదులు గరగర వినిపిస్తుంది. బూట్ల అడుగున పల్చటి ఫోమ్ అంటిస్తే మాటల మధ్య టకటకలు తగ్గుతాయి, పాదాలు కనిపించే షాట్‌కి ముందు పీకేయాలి.

బట్టల్ని పాతబరచడం నేర్పిన క్లాసు నాకు అన్నిటికంటే ఇష్టం. కొత్త చొక్కా వేసుకున్న పాత్ర ఎంత బాగా నటించినా అద్దెకి వచ్చిన మనిషిలా ఉంటుంది. మనుషులు బట్టల్ని అంతటా ఒకేలా అరగదీయరు, కాలర్ లోపలి మడత, కఫ్ అంచులు, మోచేతులు, జేబు మూతులు, ప్యాంటు మోకాళ్ళు, ముందు అవే అరుగుతాయి. గరుకు కాగితాన్ని అక్కడ మాత్రమే, దారం అల్లిక వెంబడి, తేలికగా రుద్దాలి, మధ్యలో ఆపి వెలుతురుకి ఎత్తి చూసుకోవాలి. ఆవిడ చేసి చూపించిన కోటు జేబుల పద్ధతి మాత్రం నేను మర్చిపోలేను. పాత కోటుని తడిపి, రెండు జేబుల్లో పిడికెడు గులకరాళ్ళు పోసి, హ్యాంగర్‌కి తగిలించి రాత్రంతా వదిలేశారు. పొద్దున రాళ్ళు తీసేశాక ఆ జేబులు ఏళ్ళ తరబడి తాళాలు, చిల్లర, పుస్తకాలు మోసినట్టు కిందకి సాగి, మూతి కొంచెం తెరుచుకుని ఉన్నాయి. ఏమీ లేని జేబులే! నేను అదే రోజు మా ప్రొఫెసర్ కోటుకి చేశాను. ఆ పాత్ర వేసే అన్న కోటు తొడుక్కోగానే చేతులు వాటంతట అవే జేబుల్లోకి వెళ్ళిపోయాయి, సినిమా అంతా ఆయన అలాగే నిలబడ్డాడు, మేము చెప్పలేదు. దుమ్ము కోసం ముల్తానీ మట్టి వాడొచ్చన్నారు, సినిమాల్లో ఎప్పటినుంచో వాడుతున్నదే, కాకపోతే నటులు బట్టలు వేసుకోకముందే, ఆరుబయట, మాస్కు పెట్టుకుని.

మూడో వారం కంటిన్యుటీ, అంటే షాట్ మారినా బట్టలు, మరకలు ఒకేలా ఉండేలా చూసుకోవడం. ఇక్కడ ఒక అనుభవం చెప్పాలి, ఎందుకంటే క్లాసులో విన్నది నేను సగమే పాటించాను, దాని ఫలితం చూశాను. సీన్లు కథ వరసలో తీయం కాబట్టి ప్రతి సీన్‌కీ నంబరు, కథలో అది ఎన్నో రోజు, ఏ పూట, ఎవరు ఎన్నో జత బట్టల్లో ఉన్నారు, అన్నీ ఒక చార్టు వేసుకోవాలి, ప్రతి షాట్ అయ్యాక ముందు నుంచి, వెనక నుంచి, చేతులు దగ్గరగా ఫొటోలు తీసుకోవాలి. ఇవన్నీ చేశాను. మరక పడే బట్టలు కనీసం రెండు మూడు జతలు ఉంచమన్నారు, రెండు ఉంచాను. కానీ మరకని నిజమైన పెన్ను ఇంకుతో వేయొద్దు, బట్టల మీద వేసే రంగుతో వేయండి, దాని ఆకారాన్ని పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు మీద కత్తిరించి పెట్టుకోండి అని చెప్తే, నిజమైన ఇంకైతే సహజంగా ఉంటుందని నేను ఇంకే వేశాను. రెండో రోజు షూటింగ్ అయ్యాక మా టీమ్‌లో ఒకరు మంచి మనసుతో బట్టలన్నీ ఉతికేశారు. మూడో రోజు పొద్దున చూస్తే కఫ్ మీద లేత నీలం నీడ తప్ప ఏమీ లేదు. టెన్షన్‌లో ఫొటో చూస్తూ రెండో చొక్కా మీద మళ్ళీ వేశాను, బాగానే వచ్చిందనుకున్నాను.

ఎడిట్ అయ్యాక మొదటిసారి నలుగురికి చూపించాం. వాళ్ళలో ఒకరు చివర్లో "ఇద్దరు కలిసి చేశారు కదా, ఒకే చొక్కా ఇద్దరు వేసుకున్నారు" అన్నారు. అలా ఎందుకు అనిపించింది అని అడిగితే, రెండో సీన్లో మరక గుండీ పక్కన ఉందని, ఆరో సీన్లో రెండు వేళ్ళు కిందకి ఉందని చెప్పారు. అంత జాగ్రత్తగా చూశారు ఆయన! నాకు ఒక్కసారి గొంతు ఎండిపోయింది. మామూలు సినిమాలో ఇది ఎవరికీ పట్టని పొరపాటు, మిస్టరీలో మాత్రం మనం చేసిన ప్రతి పొరపాటునీ ప్రేక్షకుడు క్లూ అనుకుని పాపం నమ్ముతాడు, నమ్మి దాని మీద కథ కట్టుకుంటాడు. షీటు కత్తిరించి, రంగుతో మరక వేసి, ఆరో సీన్లో ఆ రెండు షాట్లూ మళ్ళీ తీశాం. ఈసారి చూసినవాళ్ళెవరికీ రెండో మనిషి కనిపించలేదు.

ఇక బాగాలేనివి. కిట్‌లో గరుకు కాగితాలు, వైరు బ్రష్, పిన్నీసులు, సూదులు, బట్టల రంగులు, కంటిన్యుటీ ఫారాలు, నకిలీ రక్తం సీసా ఉంటాయి. ఫారాలు చాలా బాగున్నాయి, ఇప్పటికీ వాటినే జిరాక్స్ తీసి వాడుతున్నాం. బట్టల రంగులు మరీ చిన్న డబ్బాలు, ఒక్క చొక్కాకే సరిపోయాయి. నకిలీ రక్తం మాత్రం నచ్చలేదు, నా ముంజేతి మీద వేసి చూస్తే కడిగాక కూడా రెండు రోజులు గులాబీరంగు వదల్లేదు, తెల్లబట్టకి అయితే పోనే లేదు. ముఖం మీద వేసే ముందు చేతి మీద ఒకరోజు ముందు టెస్ట్ చేయమని సీసా మీదే రాయాల్సింది, క్లాసులో చివర్లో ఎవరో అడిగితే గానీ చెప్పలేదు.

విగ్గులు, మీసాల మీద పూర్తిగా ఒక క్లాసు ఖర్చుపెట్టారు, స్టూడెంట్ సినిమాలకి అంత అవసరం లేదని నా అభిప్రాయం, దగ్గరి షాట్‌లో అంటించిన మీసం ఎప్పుడూ అంటించిన మీసంలాగే ఉంటుంది. దానికి బదులు నటులతో ఎలా మసులుకోవాలో ఒక క్లాసు పెట్టాల్సింది. కొలతలు నలుగురి ముందు తీయకూడదు, బట్టలు మార్చుకోవడానికి తలుపు గడియపడే గది చూపించాలి, "ఇది వేసుకోవడం నాకు ఇబ్బందిగా ఉంది" అని ఎవరైనా అంటే కారణం అడక్కుండా వేరేది ఇవ్వాలి. మా టీమ్‌లో ఒక అమ్మాయి బిగుతు జాకెట్‌తో మూడు గంటలు ఇబ్బందిపడి సాయంత్రం చెప్పింది, అప్పటికి ఆ సీన్ అయిపోయింది, ఆమె ముఖంలో ఆ ఇబ్బంది తెర మీద నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ విషయం నేను ముందే అడిగి ఉండాల్సింది. ఇలాంటివి నేర్పితేనే తెలుస్తాయి, అందరికీ ఇంట్లో ఎవరో చెప్పి పంపరు.

హోంవర్క్ మీద ఫీడ్‌బ్యాక్ మొదటి రెండు వారాలు మర్నాటికల్లా వచ్చేది, నాలుగో వారంలో ఐదు రోజులు పట్టింది, అప్పటికి మా షూటింగ్ మొదలైపోయింది. అడిగితే బ్యాచ్‌లో మంది ఎక్కువయ్యారని చెప్పారు. అలాగైతే బ్యాచ్ చిన్నది పెట్టాలి.

చేరాలనుకునేవాళ్ళకి ఒక్క మాట, స్క్రిప్టు పూర్తిగా లాక్ అయ్యాక కాదు, ఒక డ్రాఫ్టు చేతిలో ఉండగా చేరండి, ఎందుకంటే రెండో వారానికల్లా మీ క్లూ మారిపోయే అవకాశం ఉంది. షూటింగ్‌కి కనీసం రెండు నెలల ముందైతే మంచిది, మాకు మూడు వారాలే ఉండటం వల్ల పాతబరచడాలు రాత్రిళ్ళు కూర్చుని చేయాల్సి వచ్చింది. నిర్వాహకులు ఇది చదువుతుంటే నాదొక విన్నపం, రెండో వారానికీ మూడో వారానికీ మధ్య ఒక వారం ఖాళీ ఇవ్వండి, నటులకి బట్టలు వేసి కెమెరాలో లుక్ టెస్ట్ తీసుకుని, తప్పులు చూసుకుని, వాటిని పట్టుకుని క్లాసుకి రావడానికి.